పెన్సిలిన్ పడలేదు

మొన్నామధ్య మోకాళ్ల నొప్పులకని ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాను. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి నా పేరు, వయసు, ఊరు టకటకా కొట్టుకుని, తలెత్తకుండానే, "మీకు పడని మందులేమైనా ఉన్నాయా అంకుల్?" అని అడిగింది. మామూలు ప్రశ్నే. నాకు మాత్రం కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. "ఉంటే ఏమని రాస్తవమ్మా? పడదు అని రాస్తవా, పడలేదు అని రాస్తవా?" అన్నాను. ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "రాసేదేం లేదంకుల్, ఇంగ్లీషులో టిక్కు పెట్టుడే" అంది.

ఆ రెండు మాటలకూ తేడా ఉందని నాకు తెలిసేసరికి ఒక మనిషికి ప్రాణం మీదికి వచ్చింది, ఇంకో మనిషికి ఉద్యోగం పోయేదాకా వచ్చింది. రెండూ నా చేతి రాత వల్లే. ఇది డెబ్బైల చివరి సంగతి. నేను పనిచేసిన దవాఖాన దంతాలపల్లికి దగ్గర్లోని ఒక ఊళ్లో ఉండేది. ఆ ఊరి పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. వాళ్లలో కొందరు పోయారు, ఉన్నవాళ్లకు ఇప్పుడు ఈ గొడవ ఎందుకు?

నాది జనగామ పక్క ఊరు. చిన్నప్పటి నుంచీ కాలు నిలిచేది కాదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు జనగామలో చదువుతున్నాను. చదువులు ఆగిపోయాయి. అందరితో పాటు రోడ్డెక్కి గొంతు పోయేదాకా అరిచాను, పోలీసులు వస్తే అందరికన్నా ముందు పరుగెత్తాను. ఒక ఏడాది పోయింది. పోతే పోయిందనుకున్నాను. నన్ను మండించింది వేరే. సినిమాకు వెళ్తే మా మాట మాట్లాడేవాడు తెర మీద ఎప్పుడూ దొంగో, తాగుబోతో అయి ఉండేవాడు. హాలంతా నవ్వేది. మా వాళ్లు కూడా నవ్వేవాళ్లు. నేను మధ్యలోనే లేచి బయటికొచ్చి సైకిల్ స్టాండు దగ్గర పచార్లు చేసేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా మాటను ఎవరైనా వెక్కిరిస్తే కొట్లాటకు దిగే నేను, కాగితం మీద కలం పెట్టగానే అచ్చం పుస్తకాల తెలుగు రాసేవాణ్ణి. గిట్ల, గట్ల అని రాస్తే పలక పగలగొట్టే పంతుళ్ల దగ్గర చదివాను మరి. నోట్లో ఒక భాష, చేతిలో ఒక భాష. అది తప్పని ఆ రోజుల్లో నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

దవాఖానలో నాది గుమాస్తా ఉద్యోగం. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకు చీటీలు రాయాలి. అరచేతిలో సగం ఉండే చీటీ. డాక్టరు దాని మీద మందు పేరు రాస్తాడు, కాంపౌండరు మందు ఇస్తాడు, అంతటితో దాని పని అయిపోతుంది. కొందరు దాన్ని వక్కాకు సంచిలో దాచుకునేవాళ్లు. మళ్లీ వచ్చేసరికి అది సున్నం తిని, చిరిగి, దాని మీద ఏముందో ఆ దేవుడికే తెలియాలి. చాలామంది దవాఖాన గేటు దగ్గరే పారేసేవాళ్లు.

ఎవరికి ముందు ఏం మందు ఇచ్చారో తెలిసిన మనిషి మా కాంపౌండరు ఒక్కడే. ముసలాయన, నిజాం కాలం నుంచీ ఆ చుట్టుపక్కల దవాఖానల్లోనే ఉన్నాడు. వరుసలో నిలబడ్డ మనిషిని చూస్తూనే, "నీకు పోయిన వానకాలం తెల్ల గోలీలిస్తే కడుపుల మండింది గద అవ్వా?" అనేవాడు. అది నిజమయ్యేది. ఆయన జ్వరం వచ్చి ఇంట్లో పడుకుంటే మాత్రం దవాఖానకు మతిమరుపు వచ్చినట్టే. డాక్టరు సారు వచ్చినవాళ్లను మొదటి నుంచీ అడుక్కుంటూ కూర్చునేవాడు.

ఆ డాక్టరు సారు కొత్తగా వచ్చినవాడు, వయసులో నాకన్నా రెండు మూడేళ్లు పెద్ద. ఒకరోజు, "మనిషికో కార్డు పెడదామా? ఆ కార్డు మన దగ్గరే ఉండాలి, ఎప్పుడొచ్చినా తీసి చూడాలి" అన్నాడు. ఆ మాట అని ఆయన మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు. మందుల పెట్టెల అట్టలు కత్తిరించాను. వడ్రంగితో ఒక చెక్క డబ్బా చేయించాను. ఊరి వరుసన, ఊళ్లో ఇంటిపేరు వరుసన కార్డులు పెట్టాను. చేతికి అంత ఇష్టమైన పని అంతకు ముందు నాకు దొరకలేదు. ఆదివారం కూడా దవాఖాన తాళం తీసి ఆ డబ్బా ముందు కూర్చునేవాణ్ణి. ఆఫీసుల్లో తెలుగే రాయాలని చెబుతున్న రోజులవి. కార్డుల మీద కూడా తెలుగే రాస్తానంటే డాక్టరు సారు సరేనన్నాడు.

కార్డు రాయడమంటే ఒక పెద్ద తతంగం. వయసెంత అంటే, "రజాకార్ల గడబిడప్పుడు పాలు తాగుతున్న" అనేవాళ్లు. పెనిమిటి పేరడిగితే ఆడవాళ్లు కొంగు నోట్లో పెట్టుకునేవాళ్లు, ఎందుకంటే ఆ పేరు వాళ్లు పలకకూడదు. వెనక నిలబడ్డామె ఆ పేరు చెప్పేది. తర్వాత ఆ వెనకామె వంతు వస్తే, పేరు చెప్పించుకున్నామె మందు తీసుకుని కూడా ఇంటికి పోకుండా ఆగి, ఈమె మొగుడి పేరు చెప్పి వెళ్లేది. నేను విసుక్కునేవాణ్ణి, వాళ్లు నన్ను చూసి నవ్వేవాళ్లు. అయినా ఏడాది తిరిగేసరికి డబ్బా నిండింది. రెండో డబ్బా చేయించాను.

ఆ ఏడే ఆంధ్రాలో గోదావరి జిల్లాల వైపు నుంచి నర్సుగా ఒక సిస్టరమ్మ వచ్చింది. మొదటి ఉద్యోగం, ఇంకా పర్మనెంటు కాలేదు. తండ్రి లేడు, తల్లి ఈమె పంపే దాని మీదే బతుకుతోందని కాంపౌండరు చెప్పాడు. పనిమంతురాలు, అది మాత్రం ఒప్పుకోవాలి. డాక్టరు సారుతో సహా మిగతావాళ్లంతా కార్డు తీయమంటే బద్ధకించేవాళ్లు. ఆమె మాత్రం కార్డు చూడకుండా సూది చేతిలోకి తీసుకునేది కాదు. "కార్డు ఇవ్వండి, కార్డు ఇవ్వండి" అని నా ప్రాణం తీసేది. నేను కన్న బిడ్డ లాంటి ఆ డబ్బాను నాకన్నా ఎక్కువగా నమ్మిన మనిషి ఆమే.

మరి నాకు ఆమె నచ్చాలి కదా? నచ్చలేదు. వచ్చిన నెల రోజుల్లోనే ఒకనాడు నేను కిటికీలోంచి ఎవరితోనో, "గిది గాదవ్వా, గా చీటీ దే" అంటుంటే, ఆమె వెనక నుంచి మెల్లగా, "గిది గాదవ్వా, గా చీటీ దే" అని అదే రాగంతో అనుకుని నవ్వింది. వరుసలో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. లేచి బయటికి పోయి దవాఖాన చుట్టూ రెండు చుట్లు తిరిగి వచ్చాను. సాయంత్రం ఆమే వచ్చి, "వెక్కిరించలేదండీ, వినడానికి బాగుంది, అంతే" అంది. ఆ తర్వాత చాలా రోజులు ఆమెతో ఏ మాటైనా కాంపౌండరు ద్వారానే.

ఇక ఆ కార్డు సంగతి. పక్క ఊరి నుంచి ఒకామె గొంతు వాపుతో వచ్చింది. నలభై దాటిన మనిషి, వ్యవసాయం ఇంటామె. సిస్టరమ్మ సెలవులో ఉంది. పెన్సిలిన్ ఇచ్చే ముందు చర్మం కింద కొంచెం ఎక్కించి చూడటం పద్ధతి. కాంపౌండరు అట్లాగే ఎక్కించాడు. కాసేపటికి ఆమె చేతి నిండా దద్దుర్లు లేచాయి, కళ్లు తిరుగుతున్నాయంది. డాక్టరు సారు వెంటనే విరుగుడు ఇచ్చాడు, గంటలో కోలుకుంది. "ఈమెకు పెన్సిలిన్ పడలేదు, కార్డు మీద రాసుకో" అన్నాడు నాతో. పక్క నుంచి కాంపౌండరు, "గిట్టదని రాయి బిడ్డా, పెద్దగ రాయి" అన్నాడు.

గిట్టదు. కార్డు మీద రాసే మాటేనా అది? గడ్డి గిట్టదు, గంజి గిట్టదు అన్నట్టు పశువుల కొట్టంలో మాటలా వినిపించింది నాకు. డాక్టరు సారు మాటే శుభ్రంగా ఉంది. గుండ్రటి అక్షరాలతో "పెన్సిలిన్ పడలేదు" అని రాసి, కింద తేదీ వేసి, ఎర్ర సిరాతో గీత కూడా గీశాను. గీత బాగా వచ్చిందని కాసేపు చూసుకున్నాను.

ఆరేడు నెలల తర్వాత, మిరప తోటలు ఏరుతున్న రోజుల్లో, ఆమె మళ్లీ వచ్చింది. కాలికి తుమ్మముల్లు దిగి చీము పట్టింది, ఒళ్లు కాలిపోతోంది. డాక్టరు సారు మీటింగుకని మానుకోటకు వెళ్లాడు. మహబూబాబాద్ అని రాస్తారు గాని అక్కడ అందరూ మానుకోట అనే అంటారు. కాంపౌండరు తన మనవరాలి పెండ్లికి వెళ్లాడు. దవాఖానలో సిస్టరమ్మ, నేను. చీము పట్టిన పుళ్లకు పెన్సిలిన్ ఇవ్వమని డాక్టరు సారు ఎప్పుడో చెప్పి పెట్టాడు. అయినా సిస్టరమ్మ ఎప్పటిలాగే కార్డు అడిగింది. తీసి ఇచ్చాను. అప్పుడు నేను కొత్త కార్డులు కత్తిరించే పనిలో ఉన్నాను, దాని మీద ఏముందో చూడలేదు. కత్తెర చప్పుడు మధ్య వాళ్ల మాటలు మాత్రం వినిపించాయి.

"అమ్మా, నీకు పెన్సిలిన్ సూది పడలేదా?"

"పడలే అమ్మా. ఇయ్యాల పొద్దుగాల నుంచి గీడనే కూసున్న. జర జల్ది ఎయ్యి, నీకు పున్యముంటది."

తెలుగువాడికి ఇందులో విప్పి చెప్పాల్సింది లేదు గాని, తర్వాత ఎన్ని రోజులు ఈ మాటను నోట్లో తిప్పానో చెప్పలేను. వాన పడలేదంటే వాన రాలేదని. సూది పడలేదంటే సూది వేయలేదని. మందు పడలేదంటే ఒంటికి సరిపోలేదని. పెన్సిలిన్ మందూ అవుతుంది, సూదీ అవుతుంది. సిస్టరమ్మ నా గుండ్రటి అక్షరాలు చదివి, ఆనాడు డాక్టరు రాసిన సూది ఈమెకు వేయలేదని, ఎర్రగీత కూడా అది మిగిలిపోయిందని గుర్తు చేయడానికేనని అనుకుంది. అనుమానం తీర్చుకోవడానికి రోగినే అడిగింది. రోగికి మందు పేరు తెలియదు, ఈ రోజు సూది ఇంకా వేయలేదని పడలే అంది. ఇంకేం చేస్తుంది ఎవరైనా?

పద్ధతి ప్రకారం ముందు కొంచెమే ఎక్కించింది. ఆ కొంచెమే ఆమెను కింద పడేసింది. బెంచీ మీద కూర్చున్న మనిషి పక్కకు ఒరిగి, పెదవులు నల్లబడి, ఊపిరి కోసం గుంజుకోవడం మొదలుపెట్టింది. నేను కత్తెర పట్టుకునే నిలబడిపోయాను. సిస్టరమ్మ అరవలేదు, ఏడవలేదు. విరుగుడు సూది వేసింది, తల కింద పెట్టి కాళ్లు ఎత్తి పట్టుకోమని నా మీద కేకేసింది. పట్టుకున్నాను. మళ్లీ ఒక సూది వేసింది. ఎంతసేపో తెలియదు, ఆమెకు ఊపిరి అందింది. అప్పుడు సిస్టరమ్మ కార్డు నా ముందు పెట్టి, "ఏవండీ, పడలేదు అంటే ఏమిటి మీ ఉద్దేశం?" అని అడిగింది. అప్పుడు చూశాను నేను దాన్ని.

"పడదు అని" అన్నాను.

"అయితే పడదు అని రాయొచ్చు కదండీ" అంది. గొంతులో కోపం కూడా లేదు. మళ్లీ వెళ్లి రోగి నాడి పట్టుకుని కూర్చుంది.

మనిషి బతికింది. కాని ఊళ్లో మాట ఆగలేదు. ఆ ఇంటివాళ్లకు రాజకీయాల్లో తిరిగే బంధువులున్నారు. "ఆంధ్రా సిస్టరు మనోళ్లను సంపుతున్నది" అని పైకి కాగితం పోయింది. వారం తిరక్క ముందే వరంగల్ నుంచి జిల్లా దవాఖానల పెద్ద సారు విచారణకు వచ్చాడు. ఆయనకు నా డబ్బా అంటే ముందు నుంచీ చిరాకు, ఎవరు పెట్టమన్నారని అంతకు ముందు ఒకసారి డాక్టరు సారును అడిగాడు కూడా. వరండాలో కుర్చీ వేసుకుని, కార్డు చేతిలో పట్టుకుని, ఉన్నదున్నట్టు మాట్లాడాడు.

"చూడవయ్యా. ఈ కార్డు వల్ల తప్పు జరిగిందంటే రేపటి నుంచి ఈ డబ్బాలు ఉండవు. కార్డు సరిగ్గానే ఉంది, ఈమె సరిగ్గా చూసుకోలేదంటే అది ఈమె తప్పు. ఈమె ఇంకా పర్మనెంటు కాలేదు, ఇంటికి పోతుంది. ఏది నిజం?"

డాక్టరు సారు తల వంచుకుని చెప్పుల వంక చూసుకుంటున్నాడు. వరండా బయట ఊరంతా ఉంది. నేను, "పడదు అన్న అర్థంతోనే రాసిన సార్" అన్నాను. అది అబద్ధం కాదు.

సిస్టరమ్మ అంది, "ఆయన ఆ అర్థంతో రాశారని ఒప్పుకుంటాను సార్. నేను వేరేగా చదివాను. అలా కూడా చదవొచ్చా లేదా, ఆయన్నే చెప్పమనండి."

పెద్ద సారు నా వంక తిరిగాడు. ఆ క్షణంలో నా బుర్రలో ఏం తిరిగిందో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. రెండు డబ్బాలు తిరిగాయి. వరుసలో నవ్విన నవ్వు తిరిగింది. సినిమా హాలు కూడా తిరిగిందేమో. "అది ఇక్కడి మాట సార్. ఇక్కడోళ్లందరికీ అర్థమైతది" అన్నాను.

బయట జనం, "అవునవును" అన్నారు. ఆమె సంతకం పెట్టమంటే పెట్టింది. ఆర్డరు వచ్చేదాకా డ్యూటీలో ఉండొద్దు, ఇంటికి వెళ్లమన్నారు. ఆ ఆర్డరులో ఏముంటుందో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం కాంపౌండరు తాళాలు వేస్తూ నన్ను పిలిచాడు. "ఇక్కడి మాటనా బిడ్డా అది? ఇక్కడి మాట నేను జెప్పిన. రాయనీకె నీకు నామోషయింది" అన్నాడు. నేను ఏదో గట్టిగా అరిచాను. ఏమన్నానో గుర్తు లేదు. ఆ పెద్దమనిషి సైకిల్ తోసుకుంటూ వెళ్లిపోయాడు.

రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. అన్నం ముందు కూర్చుంటే లేచేవాణ్ణి, డబ్బా ముందు కూర్చుంటే లేచేవాణ్ణి. పడలేదు అనే మాట ఎన్ని కార్డుల మీద రాశానో వెతకడం మొదలుపెట్టి, పదకొండో కార్డు దగ్గర ఆపేశాను. నాకు నేను సర్దిచెప్పుకున్నాను కూడా. డబ్బాలు ఉంటే వెయ్యి మందికి మేలు, ఒక్కరికి నష్టం. ఆమె చదువుకున్నది, ఇంకో ఉద్యోగం దొరక్కపోదు. లోపల మాత్రం తెలుసు, ఆ వెయ్యి మంది లెక్క నేను వాళ్ల కోసం వేయడం లేదని.

మూడో రోజు పొద్దున సిస్టరమ్మ తన ట్రంకు పెట్టెతో మానుకోట బస్సెక్కి పోయింది. అక్కడ మధ్యాహ్నం రైలు. నేను కిటికీలోంచి చూస్తూ చీటీలు రాస్తున్నాను. కాసేపటికి ఆ ముల్లు దిగిన రోగి కాలికి కట్టు కట్టించుకోవడానికి కుంటుకుంటూ వచ్చింది. కిటికీ చువ్వలు పట్టుకుని, "సారూ, గా అమ్మ ఏది?" అంది.

"పోయింది."

"గదేంది? నన్ను బతికిచ్చిందే ఆమె గద?"

కార్డు చూడకుండా సూది వేసినందుకు పంపించారని చెప్పాను. కిటికీ వెనక కూర్చుని నా నోటితో నేను చెప్పిన మాట అది, కార్డు చూడకుండా అని.

"కారటు మీద ఏం రాసినవ్ సారూ నువ్వు? జర సదువు" అంది.

కార్డు తీసి చదివాను. "పెన్సిలిన్ పడలేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంతో కాదు, నిజంగా అర్థం కాక చూసింది. "నేను గూడ గదే జెప్పిన గద సారూ! పడలే, ఎయ్యమ్మా అంటి. నువ్వు గదే రాసినవ్, నేను గదే జెప్పిన. ఇద్దరం ఎయ్యమన్నంక ఆమె ఏసింది. మరి ఆమెనెందుకు పంపిచ్చిన్రు?"

ఇక్కడి మాట, ఇక్కడోళ్లందరికీ అర్థమవుతుంది అన్నాను కదా. అర్థమయింది. ఆమెకు సిస్టరమ్మకు అర్థమైనట్టే అర్థమయింది. కలం మూత కూడా పెట్టకుండా లేచాను. వరుసలో ఉన్నవాళ్లు, "సారూ, సారూ" అంటున్నారు. బయటికి వచ్చేసరికి బస్సు లేదు, తర్వాతి బస్సు సాయంత్రానికి గాని రాదు. రోడ్డు మీద మిర్చి బస్తాల లారీ ఒకటి ఆగి ఉంటే బస్తాల మీదికి ఎక్కాను. డ్రైవరు, "ఘాటుకు సస్తవ్ అన్నా, దిగు" అన్నాడు. పోనియ్యమన్నాను.

మానుకోట దాకా తుమ్ముతూ, దగ్గుతూ, కళ్లు మండుతూ వెళ్లాను. ప్రతి ఊళ్లో లారీ ఆగింది. ప్రతి ఆగుడుకూ నాకు దిగి పరుగెత్తాలనిపించింది. స్టేషనుకు చేరేసరికి రైలు ఇంకా రాలేదు. ఆమె ప్లాట్‌ఫారం చివర పెట్టె మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. నా కళ్ల నుంచి, ముక్కు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏడుస్తున్నారా?" అంది.

"లేదు. మిర్చి లారీల వచ్చిన."

ఆమె నవ్వలేదు. నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఆ మాట రెండు రకాలుగా చదవొచ్చని, మీరు చదివినట్టే అందరూ చదువుతారని, పెద్ద సారు ముందు అబద్ధం చెప్పానని. సిగ్గుతో నా గొంతు నాకే వినబడలేదు. కొంచెం గట్టిగా చెప్పమంది. ప్లాట్‌ఫారం మీద జనం చూస్తుండగా మళ్లీ గట్టిగా చెప్పాను.

"నాతో చెబితే ఏం లాభమండీ?" అంది. "నన్ను కాగితం మీద పంపించారు. కాగితం మీద రాసివ్వండి."

చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు ఖాళీ కార్డులుండేవి. ఒకటి తీసి, ఆమె పెట్టె మీదే ఆనించి రాశాను. రాయడానికి చాలాసేపు పట్టింది. ఒక మాట రాసి ఆగడం, దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూడటం. రాసింది కొట్టేసి రెండో కార్డు తీశాను. చివరికి రాసింది ఇది. ఆ రోగి కార్డు మీద మాట నేను రాసిందే. అది స్పష్టంగా లేదు. చదివిన ఎవరైనా సూది వేస్తారు. సిస్టరు చేసిన తప్పు ఏమీ లేదు. విచారణలో నేను నిజం చెప్పలేదు. కింద పేరు, ఉద్యోగం, తేదీ రాసి సంతకం చేశాను.

ఆ కార్డు వరంగల్ చేరింది. నాలుగు నెలలకు ఆమెను మళ్లీ తీసుకున్నారని, గంగారం వైపు అడవి ఊళ్లో వేశారని తర్వాత విన్నాను. నా రెండు డబ్బాలూ ఎత్తేశారు. ఒకదాంట్లో కాంపౌండరు కట్లు కట్టే గాజుగుడ్డ పెట్టుకున్నాడట. నన్ను భూపాలపల్లి దగ్గర చిట్యాల వైపు ఒక దవాఖానకు బదిలీ చేశారు. అక్కడ పదేళ్లు చీటీలే రాశాను. కార్డుల మాట ఎవరైనా ఎత్తితే లేచి బయటికి పోయేవాణ్ణి.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం మానుకోట స్టేషనులో రైలు కూత దూరంగా వినిపిస్తుంటే ఆమె ఆ కార్డును వెలుతురుకు పెట్టి మెల్లగా, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. కూలీలు సామాన్లు ఎత్తుతున్నారు, జనం అంచుకు జరుగుతున్నారు, ఆమె మాత్రం కదలలేదు. తలెత్తి నన్ను అడిగింది.

"దీనికి ఇంకో అర్థమేమీ రాదు కదండీ?"

రాదని చెప్పబోయి ఆగాను. కార్డు ఆమె చేతిలోంచి తీసుకుని, రైలు వచ్చి ఆగేదాకా నేను కూడా దాన్ని మళ్లీ చదివాను.